అయ్యగారి మాట, నాన్నగారి మాత్ర

ప్రశ్న: నా వయసు 34. చెన్నై అయనావరంలో ఉంటాం. నాన్న పెరంబూరు రైలు పెట్టెల కర్మాగారం ఐసీఎఫ్‌లో పనిచేసి రిటైరయ్యారు. మా తెలుగు క్రైస్తవ సంఘంలో 20 ఏళ్లు పెద్దగా ఉన్నారు. ఆదివారం కీర్తన ఎత్తుకునేది ఆయనే. మూడేళ్ల క్రితం పార్కిన్సన్స్ జబ్బు అని తేలింది. మా పాస్టరు అయ్యగారు 13వ ఏట నుంచి నాకు ఆత్మీయ తండ్రి. బైబిలు చదవడం, మోకరించడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. బాప్తిస్మం ఆయనే ఇచ్చారు. కాలేజీ ఫీజు కట్టలేని సంవత్సరం ఎవరికీ తెలియకుండా డబ్బు సర్దింది కూడా ఆయనే. ఈ ఏడాది నాన్న కోసం 21 రోజుల ఉపవాస ప్రార్థన పెట్టారు. ‘ఒక చేతిలో మాత్ర, ఒక చేతిలో విశ్వాసం పట్టుకుంటే కార్యం జరగదు’ అన్నారు. నాన్న మాత్రలు ఆపేశారు. నేను అడ్డు చెప్పలేదు. ఐదో రోజుకు ఒళ్లంతా కొయ్యబారింది, జ్వరం పెరిగింది, మాట పడిపోయింది. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. అయ్యగారు రాలేదు. ఆ తర్వాతి ఆదివారం ప్రసంగంలో, పేరు చెప్పకుండా, ‘కొందరి అవిశ్వాసం వల్ల దేవుని నామానికి అవమానం’ అన్నారు. దైవజనులను ఏమీ అనకూడదు, శాపం తగులుతుందని అమ్మ భయం. నాన్న ఇప్పుడు పైకి ప్రార్థించడం లేదు. ముఖంలో ఆ సంతోషం లేదు. ‘నేను ఏ పాపం చేశానో’ అంటున్నారు. నేను మోకరిస్తే అయ్యగారి గొంతే వినిపించి లేచిపోతున్నాను. మేము సంఘం మానేయాలా? నాకూ నాన్నకూ విశ్వాసం పోయిందా?
— ఒక సోదరి, చెన్నై

సమాధానం: మీ ఉత్తరం చదివాక నాకు ముందు వచ్చిన సందేహం చాలా చిన్నది. నాన్నగారు ఇప్పుడు మాత్రలు వేళకు వేసుకుంటున్నారా? ఆ మాట మీరు రాయలేదు. వేసుకుంటున్నారనే అనుకుని మిగతాది రాస్తున్నాను. అలా కాకపోతే ఈ పేజీ పక్కన పెట్టి మీ నరాల వైద్యుడికి ఫోను చేయండి. విశ్వాసం సంగతి రేపు మాట్లాడుకోవచ్చు.

ఐదో రోజు మీ ఇంట్లో ఏం జరిగిందో అయ్యగారు ఒక రకంగా చెప్పారు. వైద్యం మరో రకంగా చెబుతుంది. మెదడులో డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు కొద్దికొద్దిగా నశించడం వల్ల ఈ జబ్బు వస్తుంది. చెయ్యి వణికి మనం గమనించే నాటికే వాటిలో చాలా భాగం పోయి ఉంటాయి. దీనికి ప్రధానమైన మందు లెవోడోపా. అది మెదడులోకి వెళ్లి డోపమిన్‌గా మారి, ఆ కొన్ని గంటలు మనిషిని కదలనిస్తుంది. జబ్బును తీసేయదు, ఆపను కూడా ఆపదు. అలాంటి మందును ఒక్కసారిగా నిలిపేస్తే కండరాలు బిగుసుకుపోవచ్చు, జ్వరం విపరీతంగా పెరగవచ్చు, స్పృహ తప్పవచ్చు. ప్రాణమే పోవచ్చు. ఇది వైద్యులకు బాగా తెలిసిన ప్రమాదం. విశ్వాసి ఆపినా, నాస్తికుడు ఆపినా, ఏ బిషప్పుగారు ఆపినా ప్రమాదం ఇదే. నాన్నగారి విశ్వాసం ఎంతో కొలిచే పరీక్ష ఏదీ ఆ ఆసుపత్రి మంచం మీద జరగలేదు.

కాబట్టి ఇక మీదట ఆయనకు ఉపవాసం వద్దు, మోతాదులో సొంత మార్పులు వద్దు. ‘ఇవన్నీ ఎందుకు, దూలగొండి గింజల పొడి వేయండి’ అని చెప్పే బంధువు కూడా ఎవరో ఒకరు ఈ పాటికి తయారై ఉంటారు. ఆ గింజల్లో లెవోడోపా ఉన్న మాట నిజమే. అందుకే వైద్యుడికి చెప్పకుండా వేయకూడదు, మందు మీద మందు పడుతుంది.

ఇక ఆయన ముఖం. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టిన వాక్యం అదే. మన సంఘాల్లో ముఖాలు చదివే అలవాటు ఒకటి ఉంది. వెలుగుతున్న ముఖం చూస్తే ఆత్మలో బలంగా ఉన్నాడంటాం, వాడిన ముఖం చూస్తే చల్లారిపోయాడంటాం. పార్కిన్సన్స్‌లో ముఖం కండరాలు కూడా నెమ్మదిస్తాయి. లోపల నవ్వు ఉన్నా పైకి రాదు. రెప్ప వేయడం కూడా తగ్గుతుంది. గొంతు సన్నబడుతుంది, పైగా అది సన్నబడిందని మాట్లాడే మనిషికే తెలియదు, తాను మామూలుగానే మాట్లాడుతున్నాననుకుంటాడు. ఇరవై ఏళ్లు కీర్తన ఎత్తుకున్న మనిషి పైకి ప్రార్థించడం మానేశారంటే, ఒకటి రెండు సార్లు ఆయన ‘ఆమేన్’ ఎవరికీ వినిపించక, పక్కవాళ్లు మధ్యలో అందుకుని ఉంటారు. ఆయన సిగ్గుపడి ఉంటారు. నా ఊహే, కానీ ఒకసారి అడిగి చూడండి. దిగులు కూడా ఈ జబ్బులో ఒక భాగంగానే వస్తుంది. దానికి వేరే మందు ఉంది. ‘ఏ పాపం చేశానో’ అన్న మాట రోజూ వినిపిస్తోందంటే వచ్చేసారి వైద్యుడి దగ్గరికి వెళ్లినప్పుడు చెప్పండి, దాచకండి. గొంతుకు వ్యాయామాలు నేర్పే స్పీచ్ థెరపిస్టులు చెన్నైలో ఉన్నారు, అదీ అడగండి.

ఆ పాపం ప్రశ్న మాత్రం వైద్యుడికి వదిలేసేది కాదు. పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగినదే అది: ఎవరు పాపం చేశారు, వీడా, వీడి తల్లిదండ్రులా? వీడూ కాదు, వీడి తల్లిదండ్రులూ కాదని యేసు అక్కడికక్కడే కొట్టిపారేశాడు. రెండు వేల ఏళ్లుగా మనం ఆ అధ్యాయం చదువుతూనే ఉన్నాం, ఆ ప్రశ్న అడుగుతూనే ఉన్నాం. నాన్నగారు సంఘ పెద్ద కనుక వాక్యం తెలిసిన మనిషి. ఆయనతో కూర్చుని కొన్ని చోట్లు తిప్పండి. పౌలు తన సహచరుడు త్రోఫిము జబ్బు పడితే మిలేతులో వదిలి రావలసి వచ్చింది. ఎంతోమందిని స్వస్థపరచిన పౌలు ఆ ఒక్కణ్ణి లేపలేకపోయాడు, ఆ మాట దాచకుండా తిమోతికి రాశాడు. అదే తిమోతికి కడుపు నొప్పి ఉంటే కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు తప్ప విశ్వాసం చాలలేదని అనలేదు. చనిపోయిన పిల్లవాణ్ణి లేపిన ఎలీషా తాను రోగంతోనే చనిపోయాడు. హిజ్కియా రాజుకు ఇంకో 15 ఏళ్ల ఆయుష్షు ఇస్తున్నానన్న దేవుని మాట మోసుకొచ్చిన యెషయాయే, పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టమని చెప్పాడు. ఒక చేతిలో మాట, ఒక చేతిలో ముద్ద. అయ్యగారి ప్రసంగంలో ఆ అధ్యాయం ఎప్పుడూ రాలేదేమో.

ఇంకొకరున్నారు. మీ ఇంట్లో పెద్దలకు బక్త్ సింగ్ గారి పేరు తెలిసే ఉంటుంది. పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టి, 1941లో మన మద్రాసులోనే యెహోవా షమ్మా సహవాసం మొదలుపెట్టి, తర్వాత హైదరాబాదులో హెబ్రోను మందిరం స్థాపించి, లెక్కలేనంతమంది తెలుగువాళ్లకు ఆత్మీయ తండ్రి అయిన మనిషి. 2000 సెప్టెంబరులో కన్నుమూసే ముందు ఆయన చాలా ఏళ్లు మంచం మీదే ఉన్నారు. జబ్బు ఏమిటో తెలుసా? పార్కిన్సన్స్. ఆయన మంచం చుట్టూ నిలబడి ‘ఏ పాపం చేశారయ్యా’ అని అడిగే ధైర్యం ఎవరికైనా ఉండేదా? నాన్నగారితో ఈ మాట తప్పకుండా చెప్పండి.

నా సంగతి కొంచెం చెబుతాను. 1980లలో మేము వ్యాసర్పాడిలో ఉండేవాళ్లం. మా వీధిలో ఒక ముసలావిడ ఇంటింటికీ తిరిగి వాక్యం చదివి వినిపించేది. మిషను లెక్కల్లో ఆమె ‘బైబిలు స్త్రీ’, మాకు అవ్వ. తెల్ల చీర, చేతిలో గుడ్డ సంచి. నాకు ప్రార్థన నేర్పింది ఆమె. అమ్మకు మూత్రపిండాలు పాడైనప్పుడు సెంట్రల్‌లో రైలెక్కి కాట్పాడిలో దిగి వేలూరు మిషను ఆసుపత్రికి వెళ్లేవాళ్లం. ఇంగ్లీషు రాని అవ్వ మాతో రావడం ఎందుకని నాన్న విసుక్కునేవారు. ఆమె చేసిన పని ఇది: పొద్దుటి మాత్రల పొట్లానికి తెల్ల దారం, రాత్రివాటికి నల్ల దారం కట్టి అమ్మ దిండు పక్కన పెట్టేది. గంజి తాగించేది. ప్రార్థన రెండు నిమిషాలు మించేది కాదు. ‘నాలుగు మాటలు చాలు, ఆయనకు చెవుడు లేదు’ అనేది.

వేలూరు ఆసుపత్రి ఎలా పుట్టిందో కూడా అవ్వే చెప్పింది. మిషనరీ డాక్టరు కూతురు ఐడా స్కడర్ తిండివనంలో తండ్రి ఇంట్లో ఉండగా, ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి, పురిటి నొప్పులు పడుతున్న తమ భార్యలను చూడమని ఆమెను అడిగారు. ఆమె డాక్టరు కాదు. తండ్రి డాక్టరే గానీ, పరాయి మగవాణ్ణి లోపలికి రానివ్వం అన్నారు వాళ్లు. తెల్లవారేసరికి ముగ్గురు తల్లులూ చనిపోయారు. ఆ అమ్మాయి అమెరికా వెళ్లి వైద్యం చదివి, తిరిగి వచ్చి, 1900లో వేలూరులో ఒక్క మంచంతో మొదలుపెట్టింది. ఆ రాత్రి ఆమె మోకాళ్ల మీద ఉందని చెప్పేటప్పుడు అవ్వ గొంతు తగ్గించేది. ‘తెల్లారాక లేచి చదువుకోడానికి వెళ్లింది’ అనేటప్పుడు గొంతు పెంచేది.

అమ్మ బతకలేదు. కాసిమేడు సమాధుల తోట నుంచి వచ్చాక ఇంటినిండా చుట్టాలు. ఒక్కొక్కరూ ఒక్కొక్క వాక్యం చెప్పి, దేవుడు ఎందుకు తీసుకున్నాడో మాకు వివరించారు. అవ్వ పెరట్లో కూర్చుని అంట్లు తోమింది. యోబు స్నేహితులు కూడా మొదటి ఏడు రోజులూ నోరు విప్పకుండా నేల మీద కూర్చున్నారు, అంతవరకు వాళ్లు మంచి స్నేహితులే.

అవ్వను మీ అయ్యగారి పక్కన నిలబెట్టి ఆయన్ని చిన్నబుచ్చడానికి ఇది రాయడం లేదు. మీకు ఆయన చేసిన మేలు నిజమైనది. ఫీజు రహస్యంగా కట్టినవాడు, 13 ఏళ్ల పిల్లకు బైబిలు ఓపికగా నేర్పినవాడు మంచివాడే. ఆ మనిషే మాత్రల విషయంలో ప్రాణం మీదికి తెచ్చే తప్పు చేశాడు. ఆ తప్పు తెలిశాక ఆసుపత్రికి రాకపోవడం, ప్రసంగ పీఠం మీద నుంచి దెప్పడం తప్పు మీద తప్పు. ఇవన్నీ ఒకే మనిషిలో ఉన్నాయి. ఒకదాన్ని ఒప్పుకుంటే రెండోది అబద్ధమైపోతుందేమోనని మీరు నలిగిపోతున్నారు. ఆయన దగ్గర నేర్చుకున్న ప్రార్థన మీదే, తిరిగి ఇచ్చేయనక్కరలేదు. ఫీజు ఋణం కూడా ఉండనివ్వండి, కానీ దాన్ని నాన్నగారి మందు ఆపి తీర్చమని ఎవరూ అడగకూడదు.

అమ్మగారి శాపం భయానికి మూలం ‘అభిషిక్తుని’, అంటే దేవుడు ఏర్పరచుకున్నవాణ్ణి, ‘ముట్టకూడదు’ అన్న మాట; అది ఎక్కడ విన్నారో నాకు తెలుసు, అందరం అక్కడే విన్నాం. 105వ కీర్తనలో ఆ మాట, ఇల్లూ వాకిలీ లేక ఊరూరా తిరిగిన అబ్రాహాము కుటుంబాన్ని రాజుల చేతిలో నుంచి కాపాడటానికి దేవుడు అన్నది. బలహీనుల పక్షాన బలవంతులకు చెప్పిన మాటను మనవాళ్లు బలవంతుల చుట్టూ కంచెగా వేసుకున్నారు. తనను చంపాలని వెంటాడిన రాజు సౌలు మీద, అభిషిక్తుడని, దావీదు చెయ్యి వేయలేదు, నిజమే. కానీ గుహలో నుంచి బయటికి వచ్చి, దూరంగా నిలబడి, చేతిలో అంగీ ముక్క చూపిస్తూ ‘నువ్వు నాకు చేసిన అన్యాయం ఇది’ అని సౌలు ముఖం మీదే చెప్పాడు. అమ్మగారితో వాదించకండి. మొదటి సమూయేలు 24వ అధ్యాయం ఆవిడ చేతే పైకి చదివించండి, చాలు.

తర్వాత అయ్యగారిని కలవండి. ఒంటరిగా వెళ్లవద్దు. నాన్నగారితో పాటు పెద్దగా ఉన్న, మీరు నమ్మే ఒకరిని తీసుకువెళ్లండి. ఆసుపత్రి ఇచ్చిన డిశ్చార్జి కాగితం పట్టుకెళ్లండి. ఏ రోజు మాత్ర ఆపారు, ఏ రోజు ఏమైంది, వైద్యులు ఏం చెప్పారు అన్నది వరుసగా చెప్పండి. కోపం వస్తే రానివ్వండి, గొంతు వణికినా పరవాలేదు. ఆయన్ని రెండు విషయాలు అడగండి: ఇంటికి వచ్చి నాన్నగారి పక్కన కూర్చోమని, ఇకపై ఎవరికీ మందులు ఆపమని చెప్పవద్దని. మొదటిది మీ కోసం. రెండోది, మీ సంఘంలో ఇన్సులిన్ వేసుకునే ఏ వితంతువు కోసమో, మూర్ఛ మందు వాడే ఏ పిల్లవాడి కోసమో. ఈ కబురు చెప్పవలసిన పని మీ మీద పడింది, ఎందుకంటే ఐదో రోజు చూసినవాళ్లు మీరే.

ఆయన వస్తే, తల వంచుకుని కూర్చుంటే, సంఘం మానే ప్రశ్నే ఉండదు. రాకుండా మళ్లీ పీఠం మీద నుంచే జవాబు చెబితే, నేనైతే మానేస్తాను. చెన్నైలో తెలుగు సంఘాలకు కరువు లేదు, దేవుడు ఆ ఒక్క మందిరానికే అద్దెకు లేడు. ఈ లోపు నాన్నగారి పాత స్నేహితులను ఇద్దరిని వారానికి ఒకసారి ఇంటికి పిలవండి. అంతమంది మధ్య మూడు గంటల ఆరాధనలో కూర్చోవడం ఆయనకు ఇప్పుడు కష్టం, ప్రభు బల్ల రొట్టె, ద్రాక్షారసం ఇంటికి తీసుకురమ్మని అడిగితే తప్పు లేదు, మంచాన పడ్డవాళ్లకు అలా తెచ్చివ్వడం మన సంఘాల్లో పాత అలవాటే. మందు పనిచేసే వేళ చూసి రమ్మనండి, మాత్ర వేసుకున్న ముప్పావు గంట తర్వాత అయితే ఆయన మాట్లాడగలరు.

‘నేను అడ్డు చెప్పలేదు’ అని మీరు ఒకే ఒక్క చిన్న వాక్యం రాశారు. ఉత్తరమంతా దాని చుట్టూనే తిరుగుతోందని నాకనిపించింది. 21 ఏళ్లు మీకు దేవుని గొంతు ఎలా ఉంటుందో చెప్పిన మనిషి, ఆ రోజు అదే గొంతుతో మాట్లాడాడు. మీరు వెనక్కి తగ్గారు. నాన్నగారికి ఈ మాట మీ నోటితో చెప్పండి, ‘నేను ఆపాల్సింది నాన్నా’ అని. ఆయన ముఖంలో ఏమీ కనిపించదు, అది జబ్బు. చేతిని చూడండి, మీ చేతి మీదికి వస్తుందేమో.

విశ్వాసం పోయిందా అని అడిగారు. పోయినవాళ్లు ఈ ఉత్తరం రాయరు. మోకరిస్తే అయ్యగారి గొంతు వినిపిస్తోందంటే కొన్నాళ్లు మోకరించకండి. బస్సులో కూర్చుని ప్రభువు నేర్పిన ప్రార్థన ఒక్కటే చెప్పుకోండి, అది అయ్యగారి సొంత మాట కాదు. అదీ రాని రోజు 88వ కీర్తన చదవండి. కీర్తనల్లో చాలావాటికి చివర ఎక్కడో వెలుగు కనిపిస్తుంది, దీనికి కనిపించదు, చీకటి దగ్గరే ఆగిపోతుంది. అయినా దాన్ని ఎవరూ బైబిల్లో నుంచి తీసేయలేదు.

చివరిగా ఒక పని. ఈ జబ్బు ఉన్నవాళ్లు గుమ్మం దగ్గర, ఇరుకు దారిలో, కాళ్లు నేలకు అతుక్కున్నట్టు ఆగిపోతారు. లాగితే పడిపోతారు. ఒక తాళం వినిపిస్తే, లేదా వాళ్లే లెక్కపెట్టుకుంటే, చాలామందికి అడుగు కదులుతుంది. నాన్నగారికి తాళం తెలిసిన కీర్తనలు వందైనా వచ్చి ఉంటాయి. ఆయన గుమ్మం దగ్గర ఆగిపోయినప్పుడు చెయ్యి పట్టి లాగకండి. పక్కన నిలబడి, నడకకు సరిపోయే కీర్తన ఒకటి మీరే ఎత్తుకోండి. రెండో చరణానికి ఆయన అందుకుంటారు, గొంతు వినిపించకపోయినా.